నాబ్ పక్కన స్టిక్కర్ బొట్టు

ఆషాఢం ఇంకో పది రోజులుందనగా నాచారం, ఉప్పల్ వైపు మైక్‌సెట్లు బాగుచేసే బల్లల మీద చోటు మిగలదు. బోనాలు అయ్యాక వినాయక చవితి, అది దాటితే దసరా, ఆ వెనకే పెళ్లిళ్లు, క్రిస్మస్. ఏడాదంతా గుడి వంటశాలలోనో, కాలనీ సంఘం గదిలోనో, చర్చి మెట్ల కిందో గోనెపట్టా కప్పుకుని పడున్న మిక్సర్లూ యాంప్లిఫయర్లూ ఒక్కసారిగా ఆటోలెక్కి వచ్చేస్తాయి. తెచ్చే మనుషులు వేరు, పెట్టెలు వేరు. చెప్పే జబ్బు మాత్రం దాదాపు ఒకటే.

"అన్నా, గరగరమంటాంది."

"తిప్పినప్పుడేనా, ఊకె గూడనా?"

"తిప్పితెనే. ఒక్కకాడ ఆపితె మంచిగనే పాడ్తది."

ఆ ఒక్క ప్రశ్నతో సగం పని తెమిలినట్టే. ముట్టుకోకుండానే గరగరలాడే పెట్టెలో జబ్బు ఎక్కడైనా ఉండొచ్చు. ట్రాన్సిస్టర్ కావచ్చు, వదులైన సోల్డర్ కావచ్చు, తెగిన ఎర్త్ తీగ కావచ్చు. తిప్పినప్పుడు మాత్రమే అరిస్తే మొదటి అనుమానం వేలి కింద ఉన్నదాని మీదే. పుస్తకాలు దాన్ని పొటెన్షియోమీటర్ అంటాయి, డిప్లొమా చదివినవాళ్లు పాట్ అంటారు. బల్ల దగ్గర మాత్రం దాని పేరు కంట్రోల్. వాల్యూమ్ కంట్రోల్ పోయిందంటారు, బాస్ కంట్రోల్ మార్చాలంటారు. "పొటెన్షియోమీటర్ అరిగింది" అని ఎవరైనా వచ్చి చెబితే, మెకానిక్ తలెత్తి ఒకసారి మనిషిని చూస్తాడు.

విప్పితే అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. రేకు మూతకున్న నాలుగు చెవుల్ని స్క్రూడ్రైవర్‌తో లేపితే, గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పూత కనిపిస్తుంది. దాని మీద వాలి పాకే సన్నటి లోహపు రేకు ఒకటి. బయటికి మూడు కాళ్లు. చివరి రెండూ కార్బన్ దారికి రెండు కొసలు, మధ్యది పాకే రేకుది. ఒక కొసకు పాట వస్తుంది, రెండో కొస ఎర్త్‌కు పోతుంది. రేకు పాట వైపు జరిగితే చప్పుడు పెరుగుతుంది, ఎర్త్ వైపు జరిగితే తగ్గుతుంది. ఎర్త్ కాలు విరిగిందంటే ఎంత వెనక్కి తిప్పినా వాల్యూమ్ సున్నాకు రాదు. మధ్య రేకు దారి మీంచి పైకి లేచిందంటే పాట పోయి "హూం" ఒక్కటే మిగులుతుంది. అనుభవం ఉన్నవాడికి పెట్టె విప్పకముందే ఏ కాలు పోయిందో అర్థమైపోతుంది.

ఇంత చిన్న వస్తువుకు మీటర్ అనే పేరెందుకు? 1841లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ క్రిస్టియన్ పోగెన్‌డార్ఫ్ దీని పూర్వీకుణ్ణి తయారుచేసింది నిజంగా కొలవడానికే. తెలిసిన వోల్టేజిని కొంచెం కొంచెంగా జరుపుతూ, తెలియని వోల్టేజికి సరితూగిన చోట ఆపి లెక్క చూసేవారు. కొలతల మాటే వస్తే, నాగోల్ నుంచి అమీర్‌పేట వైపు వెళ్లే మెట్రోలో ఎన్‌జీఆర్‌ఐ అని ఒక స్టేషన్ వస్తుంది. 1961 నుంచి భూమి లోతుల్ని కొలుస్తున్న సంస్థ పేరు అది. హబ్సిగూడ చౌరస్తాలో దిగి నాచారం రోడ్డు పట్టుకుంటే, పోగెన్‌డార్ఫ్ మీటరు కొలతలు మానేసి సుప్రభాతాన్ని పెంచుతూ తగ్గిస్తూ కనిపిస్తుంది. పేరు మాత్రం పాత ఉద్యోగానిదే.

కార్బన్ మీద లోహం పాకుతుంటే అరగక తప్పదు. మామూలు కంట్రోల్‌కు తయారీదారులు ఇచ్చే ఆయుష్షు పది, పదిహేను వేల తిప్పుళ్లు. పెద్ద లెక్కలాగే వినిపిస్తుంది గానీ, రోజుకు పదిసార్లు తిప్పేవాడి చేతిలో పదివేలు మూడేళ్లకే చెల్లిపోతాయి. పైగా ఎవరూ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పరు. గుడిలో పొద్దున సుప్రభాతానికి ఒక జాగా, సాయంత్రం హారతికి ఇంకో జాగా, మధ్యలో "నల్ల చెప్పు ఎవరిదో వచ్చి తీసుకోండి" అనడానికి మరో జాగా. రేకు ఆ రెండు మూడు జాగాల మధ్యే అటూఇటూ కదులుతుంది. పాత సాన్వా మల్టీమీటర్ తగిలించి నెమ్మదిగా తిప్పితే, ముల్లు దారంతా సాఫీగా పోయి ఆ జాగాలకు రాగానే ఎగిరిపడుతుంది. అంకెలు చూపే డిజిటల్ మీటర్‌లో ఈ ఎగురుడు సరిగా దొరకదు. అందుకే కొత్త మీటర్లెన్ని వచ్చినా చాలామంది పాత ముల్లు మీటరును అటక మీదికి ఎక్కించలేదు.

విప్పి వెలుతురుకు పెడితే ఆ జాగాలు కంటికీ ఆనుతాయి. నల్లటి పూత మిగతా చోట్ల మసకగా ఉంటుంది, అక్కడ మాత్రం నున్నగా మెరుస్తుంది. ఇంకా అరిగితే కింది గోధుమరంగు అట్ట తేలుతుంది. ఆ పెట్టెను నడిపిన మనిషి ఇన్నేళ్లూ ఎంత చప్పుడు సరిపోతుందనుకున్నాడో అక్కడ రాసి ఉంటుంది. మిక్సర్ల మీద నిలువుగా జరిపే ఫేడర్ల సంగతీ ఇదే. సున్నా డెసిబెల్ గీత దారి మధ్యలో కాక, దాదాపు ముప్పావు ఎత్తున ఉంటుంది. నేర్చిన ఆపరేటర్ల ఫేడర్లు ఆ గీతకు కాస్త అటూఇటూ అరుగుతాయి. నేర్వనివాళ్లవి పైకొసన అరుగుతాయి. ఫేడర్ చిట్టచివరికి నెట్టాక కూడా "ఇంకా రావట్లేదు" అన్న రోజులు ఎన్నో ఆ మిక్సర్ చూసిందన్నమాట.

గుడి యాంప్లిఫయర్ల మీద ఇంకో గుర్తు ఉంటుంది. వాల్యూమ్ నాబ్ పక్కన, గడియారంలో నాలుగు గంటలుండే చోట, ఒక ఎర్రటి స్టిక్కర్ బొట్టు. ఎవరి నుదుటి మీద నుంచో వచ్చిందది. నాబ్ మీది తెల్లగీత బొట్టుకు ఎదురుగా వస్తే సుప్రభాతం కాలనీ చివరింటికి వినబడుతుంది, మైకు కుయ్యిమనదు. పూజారి ఊరెళ్లి తమ్ముడు వచ్చినా, కమిటీ మారినా బొట్టు చెప్పినట్టే. డెసిబెల్ మీటర్లు కొనలేని చోట ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఇంకోటి కనబడదు.

అరుగుదలకు ముందే చాలా కంట్రోళ్లను మట్టి పట్టుకుంటుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. స్తంభాల మధ్య నుంచి లేచిన ఎర్రటి దుమ్ము ఇళ్లలోకి ఎంత వచ్చిందో ఫేడర్ల సందుల్లోకీ అంతే వెళ్లింది. గుండ్రటి కంట్రోల్‌కు రేకు మూతైనా ఉంది. ఫేడర్‌కు 60 లేదా 100 మిల్లీమీటర్ల పొడుగున నోరు తెరిచిన చీలిక. వానాకాలం తేమ తగిలితే ఆ దుమ్మే ముద్దయి కూచుంటుంది. ఇక దసరా సంగతి. ఆయుధపూజ నాడు మిక్సర్‌కూ పసుపు, కుంకుమ, ముందు ఊదొత్తి. భక్తిలో లోపమేమీ లేదు గానీ, కార్తీకంలో విప్పినప్పుడు ఫేడర్ల కింద పసుపు చార, కుంకుమ రేణువులు, అగరుబత్తి బూడిద బయటపడతాయి. బొట్టు ముందు పలకకు పెట్టండి, చీలికలున్న చోట వద్దు అని మెకానిక్ ఏటా చెబుతాడు. ఏటా పసుపు దొరుకుతూనే ఉంటుంది.

మట్టి అయితే కడిగితే పోతుంది. దేనితో కడగాలన్నదే అసలు గొడవ. తొందరలో ఉన్నవాడికి పెట్రోలు గుర్తొస్తుంది, ఇంట్లో ఉన్నవాడికి కొబ్బరినూనె, బండి ఉన్నవాడికి తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40. మూడూ ఆ పూటకు పనిచేస్తాయి, పండగ గడిచిపోతుంది. పెట్రోలు లోపలి గ్రీజును కడిగేస్తుంది. మెత్తగా బరువుగా కదిలే ఫేడర్ ఆ తర్వాత ఎండిన తలుపులా జారుతుంది. నూనె గరగరను కప్పి, వచ్చే దుమ్మునంతా పిలిచి కూచోబెడుతుంది. డబ్ల్యూడీ-40 కూడా వెనక ఒక జిడ్డు పొర వదులుతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయదని రాసి ఉన్న కాంటాక్ట్ క్లీనర్‌ను కాళ్ల పక్క సందులోంచి ఒక్క చిటికెడు కొట్టి, కొస నుంచి కొసకు ముప్పై సార్లు తిప్పి, ఆరేదాకా కరెంటు ఇవ్వకుండా ఉండాలి. ఫేడర్ అయితే ఆరాక దానికి సరిపడే గ్రీజు మళ్లీ పెట్టాలి. ముప్పై సార్లు తిప్పే ఓపికే ఎక్కువ పని చేస్తుంది, ద్రవం సాయం చేస్తుంది.

పూత అరిగిపోయి మెరుస్తున్నదాన్ని ఎంత కడిగినా లాభం లేదు. పాత మెకానిక్‌లకు ఒక ఉపాయం తెలుసు. పాకే రేకు వేళ్లను పట్టకారుతో వెంట్రుకవాసి పక్కకు వంచితే, అది అరగని కొత్త దారిలో పరుగెడుతుంది. కొంతకాలం బాగానే నడుస్తుంది. పెన్సిల్ గీసి పూత నింపే ఉపాయం కూడా ఉంది. అది మాత్రం బారాత్ కదిలే దాకానే, దర్వాజా దాటాక దేవుడి దయ.

ఇప్పుడు అసలు చిక్కు. కొత్త కంట్రోల్ వేసి పంపిన పెట్టె పదిహేను రోజులకు తిరిగొస్తుంది. గరగర మళ్లీ మొదలు. తెచ్చినవాడు డూప్లికేటు వేశావంటాడు, మెకానిక్ కోఠీలో దాన్ని అమ్మినవాణ్ణి తిడతాడు. ఇద్దరి కోపమూ తప్పు మనిషి మీదే కావచ్చు. కంట్రోల్‌కు ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది. పాటను పోనిచ్చి, దానితోపాటు వచ్చే డీసీ వోల్టేజిని ఆపడం దాని పని. పాతబడి, వేడికి ఎండి అది కారడం మొదలుపెడితే డీసీ కంట్రోల్ దాకా వచ్చేస్తుంది. ఒంటి మీద డీసీ ఉన్న కార్బన్ దారి కొత్తదైనా సరే, రేకు కదిలిన ప్రతిసారీ బరబరమంటుంది. పైగా త్వరగా చెడుతుంది. మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, పాటేమీ పెట్టకుండా కంట్రోల్ కాళ్ల మధ్య చూడాలి. దాదాపు సున్నా ఉంటే కంట్రోల్‌నే అనుమానించొచ్చు. లేదంటే మార్చాల్సింది వెనకున్న కెపాసిటర్ని. పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు పెట్టకుండా స్ప్రే డబ్బా అందుకునేవాడి దగ్గరికి పెట్టె ఇచ్చిన రోజే మళ్లీ రావడం మొదలవుతుంది. కంట్రోల్ పదీ ఇరవై రూపాయలకు దొరుకుతుంది కాబట్టి అదే ముందు మార్చేస్తారు. అన్ని నేరాలూ దాని మీదికి రావడానికి దాని చవకదనం కూడా ఒక కారణం.

మార్చాల్సిందే అని తేలితే కోఠీ గుజరాతీ గల్లీకి ప్రయాణం. అక్కడ "వాల్యూమ్ కంట్రోల్ ఇవ్వండి" అంటే ఎదురు ప్రశ్నలు నాలుగు పడతాయి. ఎంత విలువ? 103 అంటే పది వేల ఓములు, 503 అంటే యాభై వేలు, 104 అంటే లక్ష. సింగిలా, స్టీరియోకు డబులా? కాడ లావెంత? ఆరు మిల్లీమీటర్లదా, పావు అంగుళం పాత సైజా? ఈ రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో మూడో వంతు. తప్పు కాడకు పాత నాబ్ తొడిగితే హారతి మధ్యలో ఊడి పళ్లెంలో పడుతుంది. ఇక నాలుగో ప్రశ్న: ఏనా, బీనా?

ఈ అక్షరం దగ్గరే చాలా రిపేర్లు చెడతాయి. చెవి చప్పుడును కూడికలతో వినదు, గుణకారాలతో వింటుంది. అందుకే వాల్యూమ్‌కు వాడే కంట్రోల్‌లో కార్బన్ పూత ఒకే తీరుగా ఉండదు. నాబ్‌ను సగం తిప్పితే పాట వోల్టేజిలో పదో వంతు మాత్రమే బయటికొస్తుంది, అంటే 20 డెసిబెల్స్ తక్కువ. చెవికి అది సగానికి సగం దారిలోనే ఉన్నట్టుంటుంది. ఇది లాగ్. ఇప్పుడు ఎక్కువగా దొరికే జపాన్, చైనా, తైవాన్ రకాల మీద దీనికి ఏ అని ఉంటుంది. బీ అంటే లీనియర్, సగం తిప్పితే సగం వోల్టేజి, 6 డెసిబెల్సే తక్కువ. కొన్ని పాత యూరప్ తయారీల్లో అక్షరాలు వేరుగా ఉంటాయి, అక్కడ ఏ అంటేనే లీనియర్. పాత కంట్రోల్ మీద అక్షరం చూసి అదే తెచ్చినవాడు కూడా మోసపోయే దారి అది. ఇక చవక లాగ్ కంట్రోళ్లు రెండు లీనియర్ ముక్కలు అతికించి చేసినవి. తిప్పుతుంటే ఒకచోట చప్పుడు గబుక్కున మారుతుంది.

ఏ ఉండాల్సిన చోట బీ పడితే పెట్టె పనిచేస్తుంది. గరగర ఉండదు. మెకానిక్ పరీక్షించి డబ్బులు తీసుకుంటాడు. ఆదివారం పొద్దున్నే ప్రార్థనలో ఆపరేటర్ ఎప్పటిలాగే నాబ్‌ను పావు వంతు తిప్పుతాడు. మైకు కూ అని కేక వేస్తుంది, ముందు వరుసలోని పిల్లలు చెవులు మూసుకుంటారు. ఆ పావు వంతులో లాగ్ కంట్రోల్ ఇచ్చే చప్పుడు ఏపాటిది? లీనియర్ ఒక్క ఉదుటున ఎన్నో రెట్లు ఇచ్చేసింది. ఆపరేటర్ చెయ్యి తప్పు చేయలేదు, ఏళ్లుగా నేర్చిందే చేసింది. కంట్రోల్ మారిన రోజే ఆ చేతికి పాఠం మారింది, ఆ మాట ఎవరూ చెప్పలేదు.

చేతి అలవాటు ఎంత మొండిదో బ్రిటన్ రేడియోలో చూడొచ్చు. ప్రపంచమంతా ఫేడర్‌ను ముందుకు నెట్టి చప్పుడు పెంచితే, బీబీసీ స్టూడియోల్లో దశాబ్దాల పాటు తనవైపు లాగి పెంచేవారు. అక్కడ నేర్చినవాడు బయటి స్టూడియోకు వెళ్తే, బయట నేర్చినవాడు అక్కడికి వస్తే, ఇద్దరి వేళ్లూ తికమకపడేవే. ఫేడర్‌కు ఎటు లాగినా ఒకటే. కాళ్లు తిప్పి సోల్డర్ చేస్తే చాలు. మనిషికి అలా సోల్డర్ చేయలేరు.

తూర్పు హైదరాబాద్‌లో పెట్టెలు విప్పి చూసే అలవాటుకు యాభై ఏళ్ల పైబడిన వేళ్లున్నాయి. నాచారం దాటి మల్లాపూర్ మీదుగా వెళ్తే ఈసీఐఎల్ చౌరస్తా. అయ్యగారి సాంబశివరావు ముందుండి నడిపించిన ఆ సంస్థ 1967లో మొదలైంది. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపిన సైట్ ప్రయోగానికి ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లలో పెట్టిన సెట్లు ఇక్కడ తయారైనవే. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్ నేర్పే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ 1974 నాటిది. 1977 అక్టోబర్ 23న అదే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం తెరుచుకుంది. నాచారంలోనేమో ఎన్టీ రామారావు కట్టించిన రామకృష్ణ స్టూడియో. చప్పుడుతో బతికే సంస్థలు ఇన్ని ఒకేచోట ఉన్నాక, సోల్డరింగ్ వాసన తెలిసిన ముక్కులకు కొదవేముంటుంది?

ప్రసారాల కోసం చేసిన పాత కన్సోళ్లు విప్పడానికి అనువుగా ఉండేవి. ఒక్కో చానల్ ఒక్కో పొడవాటి పలక. రెండు స్క్రూలు తీసి పలకను పైకి లాగితే ఆ చానల్ ఒక్కటే బయటికొస్తుంది, పక్కవి పనిచేస్తూనే ఉంటాయి. ఆ కాలం మంచి ఫేడర్లలో కార్బన్ పూతకు బదులు కండక్టివ్ ప్లాస్టిక్ ఉండేది. బ్రిటన్‌కు చెందిన పెన్నీ అండ్ గైల్స్ ఫేడర్లకు పేరొచ్చింది అందుకే. వాటి ఆయుష్షును లక్షల్లో లెక్కేస్తారు. ఇప్పుడు కల్యాణ మండపాల్లో కనిపించే చవక మిక్సర్‌లో ఇరవై నాలుగు చానళ్లూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఒక్క కంట్రోల్ మార్చాలంటే వందకు పైగా నాబ్‌లు పీకాలి, అన్ని నట్లూ విప్పాలి, బోర్డును మొత్తంగా తిరగేయాలి. రెండు వైపులా రాగి ఉన్న బోర్డులో పాత కాళ్లను ఒకేసారి లాగబోతే రాగి గీతే లేచొస్తుంది. తెలిసినవాడు ముందు కంట్రోల్‌ను కట్టర్‌తో ముక్కలు చేస్తాడు, తర్వాత ఒక్కో కాలినీ విడివిడిగా వేడిచేసి తీస్తాడు. ఇరవై రూపాయల వస్తువుకు ఒక పూట పని. "కొత్తది కొనుక్కోరాదు" అనే మాట మెకానిక్ నోటి నుంచి వచ్చేది ఇక్కడే. అది బద్ధకం కాదు. పెట్టె తయారుచేసినవాడు స్క్రూడ్రైవర్‌కు దారి వదల్లేదు.

డిజిటల్ మిక్సర్లు వచ్చి గరగరను చాలావరకు అణిచేశాయి. 2012లో వచ్చిన బెహ్రింగర్ ఎక్స్32లో 25 ఫేడర్లు మోటారుతో వాటంతటవే కదులుతాయి, పాట మాత్రం వాటిలోంచి వెళ్లదు. ఫేడర్ ఎక్కడుందో చెప్పే కబురు మాత్రమే వెళ్తుంది. అయితే ఆ కబురు చెప్పేది కూడా ఒక పాకే రేకే. దానికి దుమ్ము పడితే గరగర రాదు, ఫేడర్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. తిప్పే నాబ్‌లు అరిగితే విలువ ఒకటి పెంచబోతే రెండు తగ్గుతుంది. జబ్బు అదే, లక్షణాలు మారాయి. చెవితో పట్టే రోగం కంటితో పట్టేదయింది.

సాయంత్రానికి గుడి యాంప్లిఫయర్ సిద్ధమవుతుంది. కెపాసిటర్ మార్చారు, కొత్త లాగ్ కంట్రోల్ వేశారు, కాడ కోసి పాత నాబ్ గట్టిగా తొడిగారు. బల్ల మీద పాట పెట్టి, మెల్లగా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు మెకానిక్. చప్పుడు నీళ్లలా పెరిగింది, నీళ్లలా తగ్గింది. పూజారి అల్లుడు వంగి చూసి ఆగిపోయాడు.

"అన్నా, గీత బొట్టు కాడికొస్తె మస్తు పెద్దగైతాంది."

పాత కంట్రోల్ అరిగి అరిగి, నాలుగు గంటల దగ్గర ఇవ్వాల్సిన దానికంటే తక్కువే ఇచ్చేది. కొత్తది రెండున్నర దగ్గరే ఆ చప్పుడు ఇచ్చేస్తోంది. మెకానిక్ గోటితో బొట్టు అంచు లేపబోయి ఆగాడు.

"నన్నెందుకు పెట్టమంటవు బావా? ఇయ్యాల హారతికి గుళ్లె పెట్టి, చివరింటోళ్లను అడుగుండ్రి. ఆడ తేలినకాడ కొత్తది అంటిస్తరు."

పెట్టె ఆటో ఎక్కింది. పలక మీద పాత బొట్టు అలాగే ఉంది, నాబ్ గీత దానికి కాస్త పైన నిలబడింది. అల్లుడు ఫోన్ తీసి ఇంటికి కలిపి, వచ్చేటప్పుడు బొట్టుబిళ్లల పాకెట్ ఒకటి గుడికి తెమ్మని చెబుతున్నాడు.